మూఢం కోసం ఎదురుచూసిన మేడం

టెంట్ హౌజు నడిపేవాడికి చావు కబురు కూడా ఆర్డరు లాగానే వస్తుంది. పోయిన నెల ఓ పొద్దున దుకాణంలో ఫోను మోగింది. "అన్నా, ఒక షామియానా, యాభై కుర్చీలు గావాలె" అన్నాడు అవతలి మనిషి. ఎక్కడికి, ఎన్ని గంటలకు అని అలవాటు కొద్దీ అడిగాను. "మన గల్లీకే అన్నా. మా అక్క పోయింది" అన్నాడు. అప్పుడు గానీ ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. ఎదురింటి మేడం తమ్ముడు. నాలుగడుగులు వేస్తే నా దుకాణం. అయినా ఫోను చేశాడు. ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయిందేమో. కొంతకాలంగా ఆమెకు గుండె బాగుండటం లేదని తెలుసు. తెలిసినంత మాత్రాన మనిషి సిద్ధంగా ఉంటాడా?

ఆమె బోధన్‌లో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. వయసులో నాకంటే చాలా చిన్నది. నన్ను 'అన్న' అనేది, 'నువ్వు' అనేది. నేను మాత్రం 'మేడం' అనీ 'మీరు' అనీ అనేవాణ్ని. అయిదో తరగతితో బడి మానేసినవాడికి చదువుకున్న మనిషిని చూస్తే వెన్ను దానికదే వంగుతుంది. "చెల్లె అను అన్న, మేడం ఏంది" అని ఎన్నోసార్లు అంది. నా వల్ల కాలేదు.

వాళ్లది మాక్లూర్ దిక్కు ఊరు. మెథడిస్టు కుటుంబం. తండ్రి వారమంతా పొలం పని చేసి, ఆదివారం చర్చిలో పాటలకు డోలక్ వాయించేవాడట. ఆ దరువు ఈమె వేళ్లలోకి వచ్చింది. ఏదైనా ఆలోచిస్తుంటే బల్ల మీద వేళ్లు ఆడేవి. పొద్దున బోధన్ బస్సు ఎక్కేది, సాయంత్రం దిగేది. చెరకు సీజన్ వస్తే ఆ బస్సు చెరకు బండ్ల వెనకాల ఎద్దు నడక నడిచేది. అందరూ తిట్టుకుంటుంటే ఆమె పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది. సాయంత్రం గల్లీలోకి ఆమె కంటే ముందు, చీరకు పట్టుకున్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వాసన వచ్చేది. బెల్లప్పాకం అడుగంటితే వస్తుందే, ఆ వాసన.

నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. బడి మానేశాక నేను చదివింది పెండ్లి కార్డులు. టెంట్ హౌజుకు ప్రతి పెండ్లి కార్డూ వస్తుంది. అక్షరాలు మరిచిపోకుండా ఉండటానికి వాటినే చదివేవాణ్ని. చదవగా చదవగా తెలిసింది ఏమిటంటే, మనుషులను చూడకుండానే కార్డు మీద సగం సంగతి తెలిసిపోతుందని. ఎవరి పేరు లావు అక్షరాల్లో ఉంది, ఏ బాబాయి పేరు ఎగిరిపోయింది, ఎవరి ఉద్యోగం పేరు కంటే పొడుగ్గా ఉంది. ఈ సంగతి చెబితే మేడం పగలబడి నవ్వింది. "నేను జేసేది గూడ గదే అన్న. చుక్క ఇంటికి మనం పోలేం. అది పంపిన కార్డు సదువుకునుడే."

చుక్క కథ మొదలైంది ఓ ఎండాకాలం మధ్యాహ్నం. ఆమె కొంగు నెత్తిన వేసుకుని దుకాణంలోకి వచ్చింది.

"అన్న, జనరేటర్ ఖాళీ ఉన్నదా?"

"ఫంక్షన్ ఏంది మేడం?"

"ఫంక్షన్ గాదు. ఒక చుక్క ఉన్నది."

"చుక్కకు జనరేటర్ ఎందుకు? దానికదే వెలుగుతది గదా!"

"దానికి గాదన్న, నా కంప్యూటర్‌కు."

అసలు సంగతి ఇది. ఆమె హైదరాబాదులో డాక్టరేటు కోసం పేరు నమోదు చేసుకుంది. ఎవరో ఆఫీసువాళ్లు తీసేసిన ఓ పాత కంప్యూటర్‌ను తెచ్చుకుని ముందు గదిలో పెట్టుకుంది. ఒక లెక్క మొదలుపెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడవాలి. మధ్యలో కరెంటు పోతే అంతా పోయినట్టే, మళ్లీ మొదటికి. తొంభైలలో నిజామాబాద్ కరెంటు సంగతి ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

ఏం లెక్క అని అడిగాను. అడిగినవాడికి అర్థమయ్యేదాకా చెప్పడం ఆమెకు అలవాటు. అది కాలేజీ పిల్లలకే కాదు, నాకూ దక్కింది. ఆకాశంలో సూర్యుడి కంటే చిన్నవి, ఎర్రటివి, చల్లటివి అయిన చుక్కలు ఉన్నాయట. చల్లటివంటే ఎంత చల్లన అన్నాను. "ఇనుము కరిగి నీళ్లయ్యేంత" అంది. సూర్యుడి ముందు అది చలువేనట. వేడి అంత తక్కువ కాబట్టే వాటి మీద నీటి ఆవిరి కూడా ఉంటుందట.

"నిప్పు మీద నీళ్లెట్ల ఉంటయి మేడం?"

"సూర్యుని మీదైతే ఉండయి, ముక్కలు ముక్కలైపోతయి. గీ చిన్న చుక్కల వేడి గంత గాదు. ఆవిరి ఆవిరిగనే ఉంటది. ఉండి ఊకుంటదా? లోపలికెంచి వచ్చే వెలుగును మింగుతది."

నేను ఇంకా బిత్తర చూపులే చూస్తున్నాను. ఆమె నా వెనకాల మడతపెట్టి ఉన్న షామియానాల వైపు చెయ్యి చూపింది. "లోపల ఒక బల్బు పెట్టి, సుట్టూ పొరల మీద పొరలు పరదాలు కట్టినవనుకో. బయట నిలబడ్డోనికి బల్బు కనబడదు, పరదా వెలుగు కనబడతది. గా వెలుగు సూసి బల్బెంత, పరదాలెట్లాంటియి అని చెప్పాలె."

"ఎట్ల చెప్తరు?"

"నేనే ఒక ఉత్తుత్తి చుక్కను కడుత. గింత వేడి, గింత బరువు, గీ గీ సామాన్లు అనుకుని లెక్క గడుత. దాని వెలుగు ఎట్లుంటదో వస్తది. అసలు చుక్క వెలుగు పక్కకు పెట్టి సూస్త. కలవకపోతే ఇప్పేసి మల్ల కడుత."

"ఇప్పేసుడు, కట్టుడు. నా పనే గదా మేడం!"

"నీ పనే. నీకు లంచ్ పెడతరు, నాకు పెట్టరు" అంది.

లెక్క అంతసేపు పట్టడానికి కారణం కూడా చెప్పింది. చుక్క పైభాగాన్ని పొరలుగా అనుకుంటారు. కింది నుంచి ఎంత వేడి పైకి వస్తుందో, ప్రతి పొర దగ్గరా అంతే బయటికి పోవాలి. ఎక్కడైనా ఆగితే ఆ పొర వేడి తప్పన్నమాట. దాన్ని దిద్దితే పక్క పొర చెడుతుంది. పక్కదాన్ని దిద్దితే మళ్లీ ఇది. అన్నీ సర్దుకునేదాకా కంప్యూటర్ తిరుగుతూనే ఉండాలి. సర్దుకుంటే మేడం భాషలో 'కుదిరింది' అని. మధ్య మధ్య ఆ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసేది, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు.

ఈ చుక్కల్లో ఒక్కటీ మన మామూలు కంటికి కనబడదట. ఆకాశంలో ఎక్కువ ఉన్నవి మాత్రం అవేనట. "గరీబోళ్లన్నట్టు" అన్నాను. "గరీబోళ్లు గాదు, పొదుపోళ్లు. ఉన్నది మెల్లగ కాల్చుకుంటయి. సృష్టి పుట్టినప్పటికెంచి వాటిల్ల ముసలిదై పోయింది ఒక్కటి గూడ లేదు" అంది.

జనరేటర్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ పెండ్లిళ్ల రోజుల్లో అది నా చేతుల్లోనే ఉండదు. "మూఢంల రాండ్రి మేడం, ఎన్ని దినాలన్న నడుపుకోండ్రి" అన్నాను. శుక్రుడో గురుడో సూర్యుడికి దగ్గరగా పోయి కనబడకుండా ఉండే రోజులు మూఢం. అప్పుడు పెండ్లిళ్లు ఉండవు, టెంట్ హౌజుల వాళ్లం గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాం. ఆషాఢమూ అంతే. అలా ఊరందరికీ మంచిది కాని కాలం మా మేడంకు మంచికాలమైంది. ఏటా ఉగాది కాగానే పంతులుగారింటికి పోయి, "ఈ ఏడు మూఢం ఎప్పుడొస్తది పంతులుగారూ?" అని అడిగి వచ్చేది.

ఓసారి అడిగాను, "చుక్కలు సదివినోళ్లు, శుక్రుడు ఏడున్నడో మీకు తెల్వదా?" అని.

"శుక్రుడు ఏడున్నడో నాకు తెలుసన్న. పెండ్లిండ్లు ఎప్పుడు ఆగుతయో పంతులుకే తెలుసు."

పంతులుగారికి ఇది గొప్పగానే ఉండేది. "మేడంగారి నక్షత్రానికి కూడా మనమే చూసిపెడుతున్నాం" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా అది చర్చికి చేరింది. చర్చి అయ్యగారు ఓ సాయంత్రం నా దుకాణానికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు.

"మా సంఘం బిడ్డ పంతులుకాడ పంచాంగం సూపిచ్చుకుంటుందట, నిజమేనా?"

"నిజమే అయ్యగారు."

"దేనికట?"

"పెండ్లిండ్లు లేని దినాలు ఎప్పుడని."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచి దినం అడిగినోళ్లను సూసిన గాని, మంచిది గాని దినం అడిగినోళ్లను సూడలే!" అన్నాడు. ఎదురింటికి తీసుకుపోయి కంప్యూటర్ చూపించాం. మేడం ఆయనకూ పరదాల కథ చెప్పింది. ఆ ఆదివారం ప్రార్థనలో దేశం కోసం, రైతుల కోసం, కరెంటు డిపార్టుమెంటు కోసం కూడా ప్రార్థించాడని విన్నాను.

అట్లా మూఢానికో చుక్క చొప్పున పని సాగింది. మా ఇంట్లోకి క్రిస్మస్‌కు ఆమె చేసిన గులాబీ పువ్వుల పిండివంట పళ్లెం వచ్చేది. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు బోధన్ బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వచ్చేది. నా జనరేటర్ ఆపరేటర్ మహా కోపిష్టి, ఊరికే గొడవ పడతాడని నేను విసుక్కుంటే ఒక మాట అనేది, "లోపల ఏమున్నదో మనకు కనబడదన్న. బయటికి వచ్చేదాన్ని మాత్రం ఓపిగ్గ సూడాలె." చుక్కల గురించి అందో, వాడి గురించి అందో నేను అడగలేదు. వాడిని మాత్రం పనిలోంచి తీసేయలేదు.

చివరికి ఒకే ఒక్క చుక్క మిగిలింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు మాత్రం అంతగా మిగల్లేదు. పొడిగింపులన్నీ అయిపోయాయి. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే నమోదు రద్దయిపోతుంది. ఇన్నేళ్ల పనికీ పట్టా ఉండదు. ఆ నెల ఏమిటంటే మాఘం! ఓ పక్క రోజూ పెండ్లి. ఇంకో పక్క యాసంగి వరినాట్లకు పొలాల్లో మోటర్లన్నీ ఒక్కసారిగా నడిచేసరికి టౌనులో కరెంటు ఉండేది కాదు. నా దగ్గర ఉన్నది ఒక్కటే జనరేటర్. వేరే టెంట్ హౌజుల వాళ్లనూ అడిగాను. అందరికీ అదే మాఘం.

ఓ మధ్యాహ్నం ముహూర్తం ఉన్న రోజు చూసి, ముందు రోజే నేను చెప్పాను, "పొద్దుగాల్నే మొదలువెట్టండ్రి మేడం. పెండ్లోళ్ల ట్రాక్టర్ వచ్చేదాకా మీదే" అని. తెల్లవారగానే జనరేటర్‌ను వాళ్ల వాకిట్లో నిలబెట్టి వైరు లాగాం. కానీ ఆ చుక్క మొండిది. కింది పొరలన్నీ సర్దుకున్నాయి, పై పొరలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. ఇంతలో ట్రాక్టర్ వచ్చింది, దాని మీద పెండ్లికొడుకు మేనమామ. బోధన్ రోడ్డు మీది ఊరు, పసుపు పండించే రైతు.

"ఏందన్నా, జనరేటర్ ఇంక తయారు లేదు? ముహూర్తం నెత్తి మీదున్నది!"

"జర ఆగు. లోపల పని నడుస్తుంది."

ఆయన గుమ్మంలోంచి తొంగి చూశాడు. తెర మీద అంకెలు పైకి పోతున్నాయి. "గీ నంబర్లేంది? మేడం మట్కా గిట్ల ఆడుతదా?"

"మట్కానే అనుకో మామ. పొద్దుగాల్నుంచి నంబర్ తగుల్తలేదు" అంది మేడం. అనేసి లేచింది. కంప్యూటర్ స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. "తీస్కపోండ్రి అన్న. ఒకరి పెండ్లి నా కోసం ఆగొద్దు."

మేనమామ మెత్తబడ్డాడు. "మల్ల పెట్టుకుంటే గాదా బిడ్డా?"

"పెట్టుకుంట మామ. జనరేటర్ దొరుకుడే..." అని ఆగిపోయింది.

అప్పుడు మాట్లాడింది నా కోపిష్టి ఆపరేటర్. "బరాత్‌ల జనరేటర్ నడుస్తుండంగనే బండి మీద తిప్పుతలేమా సేటూ? లైట్లు నడిస్తే గీ డబ్బా నడువదా?"

బరాత్ చూసినవాళ్లకు తెలుసు. పెండ్లికొడుకు గుర్రం ముందు, నెత్తిన లైట్లు మోసేవాళ్లు పక్కన, వెనకాల బండి మీద డగడగలాడుతూ జనరేటర్. ఊరంతా తిరుగుతుంది, లైటు ఆరదు. మేడం ముందు భయపడింది, కుదుపులకు కంప్యూటర్ లోపలి చక్రం గీసుకుపోతుందేమోనని. నేను దుకాణంలోని పెండ్లి పరుపులన్నీ ట్రాలీలో వేయించాను. వైరు ఊడకుండా డబ్బాను ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాం. తెరను రెండు బాలీసు దిండ్ల మధ్య నిలబెట్టాం. ముందు ట్రాక్టర్, దానికి ట్రాలీ, దాని వెనకాల జనరేటర్ బండి. నేను గొడుగు పట్టాను, ఆమెకు కాదు, ఎండలో అంకెలు కనబడాలని తెరకు.

బోధన్ రోడ్డెక్కగానే చెరకు బండ్ల వరుస. మేనమామ ట్రాక్టర్ మీంచి తిడుతూనే ఉన్నాడు, "గీ చెరుకంత ఇయ్యాలనే కొట్టాల్నార!" అని. మేడం మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, "మెల్లగనే పోనియ్యి మామ, ఏం గాదు" అంది. ఆ దారిన ఎన్నో ఏళ్లు బస్సులో ఆలస్యమైన మనిషి, ఆలస్యం చూసి సంతోషపడటం ఆ ఒక్కరోజే చూశాను.

పెండ్లి పందిట్లోకి పోగానే జనం మూగారు. పెండ్లికొడుక్కి కొత్త టీవీ వచ్చిందనుకున్నారు. ఓ అవ్వ అక్షింతలు తెచ్చి తెర మీద చల్లింది. "అవ్వా, గది పెండ్లిపిల్ల గాదు" అన్నాను. "ఏదైతేంది బిడ్డా, సల్లగుండనీ" అంది. అంకెలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. వీడియో అతను, మైకు అతను వైర్లు పట్టుకుని జనరేటర్ దగ్గరికి వచ్చేశారు. వీడియో లైటు వేస్తే చాలు, కరెంటు ఒక్కసారి కుంగుతుంది, కంప్యూటర్ ఆరిపోతుంది.

పీట మీద కూర్చున్నది మన పంతులుగారే. దూరం నుంచే మేడంను చూశాడు, లేచి వచ్చాడు.

"ఇంకెంతసేపు మేడం?"

"తెల్వదు పంతులుగారూ. మీరు కానియ్యండి."

ఆయన తెర వైపు చూశాడు. అందులో ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. వైర్లు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగి, "మైకు వద్దు, లైటు వద్దు. ముహూర్తం ఘడియకు నేనే పిలుస్తాను. అప్పటిదాకా జనరేటర్ ముట్టొద్దు" అన్నాడు.

"గట్లంటె ఎట్ల పంతులూ? గౌరీపూజ వీడియోల చీకటొస్తది!" అన్నాడు మేనమామ.

"గౌరమ్మకు కనబడితే చాలదా?"

పోయి కూర్చుని గొంతెత్తాడు. అంత పందిరికీ, వెనక వంటల దాకా, మైకు లేకుండా వినబడేటట్టు చదివాడు. మెడ నరాలు ఉబ్బాయి. మధ్యలో నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు. ఇటు ట్రాలీలో పరుపుల మీద మేడం, ఒళ్లో డబ్బా, డబ్బా మీద అరచెయ్యి. ఆమె వేళ్లు దాని మీద దరువు వేయడం కూడా మరిచిపోయాయి.

కాసేపటికి ఆమె తెర మీద ఓ వరుస దగ్గర వేలు పెట్టింది. "అన్న, కుదిరింది" అంది, నాకొక్కడికే వినబడేటట్టు. లెక్కను ఫ్లాపీలోకి ఎక్కించింది. ఇంకోసారి ఎక్కించింది. కావలసిన అంకెలు కాగితం మీద రాసుకుంది. అప్పుడు నేను చెయ్యి ఊపాను. పందిట్లో లైట్లు వెలిగాయి, మైకు కుయ్యిమంది. పంతులుగారి గొంతు అప్పటికే సగం పోయింది. జీలకర్ర బెల్లం సరిగ్గా ఘడియకే పెట్టించాడు.

అందరూ అక్షింతలు వేస్తుంటే మేడం ట్రాలీలో పరుపుల మీదే కూర్చుని, సంచిలోంచి ఓ కాగితం తీసింది. హైదరాబాదులో ఆమె పరిశోధన చూసే గైడు ఇచ్చిన, అసలు చుక్క వెలుగు గీత. దాని పక్కన, ఇప్పుడు రాసుకున్న అంకెలు చూస్తూ పెన్సిలుతో తన చుక్క గీత గీసింది. ఎత్తు దగ్గర ఎత్తు, పల్లం దగ్గర పల్లం. నాకే కడుపు నిండిపోయింది. ఆ తరువాత ఓ చోట రెండూ విడిపోయాయి.

"గిక్కడ తప్పింది గదా మేడం?"

"తప్పింది. నీటి ఆవిరి కాడ. నా చుక్క మింగినంత వెలుగు అసలు చుక్క మింగుతలేదు."

"మల్ల కడుతరా?"

"టైం లేదన్న."

కలిసిన భాగం వరకే చూపిస్తే సులువుగా గట్టెక్కుతుందని గైడు అంతకుముందే అన్నాడట. ఏం చేస్తారని అడిగాను.

"రెండూ పెడుత. గిక్కడ కలిసింది, గిక్కడ కలవలే అని రాస్త. దీని వేడి గింత, అటోఇటో గింత తప్పుండొచ్చు అని గూడ రాస్త."

"పట్టా ఇయ్యకపోతే?"

ఆమె కాగితాన్ని మడత నలగకుండా సంచిలో పెట్టుకుంది. "ఇయ్యకపోయినా చుక్క వేడి మారదు గదన్న" అంది. అని, అక్షింతలు వేయడానికి ట్రాలీ దిగింది.

థీసిస్ నెలాఖరులోగా చేరింది. కొన్ని నెలలకు పిలుపు వచ్చింది. పరీక్ష చేసినవాళ్లు కలిసిన చోటు గురించి ఒకటి రెండు అడిగి, కలవని చోటు గురించే పొద్దంతా అడిగారట. పట్టా వచ్చింది. గల్లీ అంతా దావత్ అన్నాం. మైకు నాది, ఉచితం. పంతులుగారు, చర్చి అయ్యగారు ఒకే బల్ల మీద కూర్చుని తిన్నారు. పంతులుగారి గొంతు మాత్రం మునుపటిలా కాలేదు. అడిగినవాళ్లకు, "నక్షత్రంలో పోయింది" అనేవాడు.

ఆషాఢం రాగానే మేడం మళ్లీ నా దుకాణం ముందు నిలబడింది.

"అన్న, జనరేటర్ ఖాళీయేనా?"

"ఇంకెందుకు మేడం, పట్టా వచ్చింది గదా!"

"పట్టా వచ్చింది. ఆవిరి సంగతి తెల్లేదు గదన్న."

తరువాతి ఏళ్లలో కరెంటు కొంచెం కుదురుకుంది, కంప్యూటర్లు మారాయి. నీటి ఆవిరి వెలుగును ఎట్లా మింగుతుందో బయటి దేశాలవాళ్లు ఇంకా వివరంగా లెక్కలు కట్టారని విని, అవి తెప్పించుకుని ఆ చుక్కను విప్పి మళ్లీ కట్టింది. తేడా కొంత తగ్గిందని ఓ రోజు చెప్పింది. పూర్తిగా పోలేదని కూడా, అడగకుండానే, చెప్పింది.

నాకు ఆమె గుర్తొస్తే పట్టా వచ్చిన ఏటి ఆ ఆషాఢం మధ్యాహ్నమే కనబడుతుంది. ముసురు పట్టి ఉంది. వాకిట్లో తడవకుండా రేకు కప్పిన జనరేటర్ డగడగలాడుతోంది. మేడం గడప మీద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. వెనక గదిలో తెర మీద అంకెలు ఒకటి పెరుగుతూ, ఒకటి తగ్గుతూ పోతున్నాయి. ఆమె ఒక్కో కాయ తుంచి, తల తిప్పి ఓసారి చూసి, మళ్లీ ఇంకో కాయ తీసుకుంటోంది.

"ఇంకెంతసేపు మేడం?" అన్నాను గొడుగు కింది నుంచి.

"తొందరేముందన్న, గా చుక్క ఏడికీ పోదు" అంది, పక్కకు జరిగి గడప మీద నాకు కొంచెం చోటు ఇస్తూ.